బూట్ రిపేరా, మళ్లీ ఇన్‌స్టాలా?

కొత్త ఓఎస్ (విండోస్, ఉబుంటు లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేశాక కంప్యూటర్ ఆన్ కాకుండా బూట్ దగ్గరే ఆగిపోతే వెంటనే ఫార్మాట్ చేయకండి. ముందు బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే నడిచే ప్రోగ్రామ్) బూట్ ఆర్డర్, అంటే ఓఎస్ కోసం ఏ డ్రైవ్‌ను ముందు చూడాలనే వరుస, సరిగా ఉందో చూడండి. ఒక్కోసారి చిక్కు అక్కడే ఉంటుంది.

రిపేర్: మీ ఫైళ్ల జోలికి పోదు. ఉబుంటు అయితే లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండానే ఓఎస్‌ను నడిపే పెన్‌డ్రైవ్) నుంచి గ్రబ్‌ను (ఓఎస్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) మళ్లీ ఎక్కించవచ్చు. విండోస్ ఇన్‌స్టాలేషన్ యూఎస్‌బీలో స్టార్టప్ రిపేర్ ఉంటుంది. కాకపోతే ఓపిక కావాలి. ఓఎస్‌ను లెగసీ మోడ్‌లో (పాత బూట్ పద్ధతి) వేసి, ఇప్పుడు బయోస్ యూఈఎఫ్‌ఐలో (కొత్త బూట్ పద్ధతి) ఉంటే ముందు ఆ మోడ్ మార్చాలి.

రీఇన్‌స్టాల్: పని తేలిక, విండోస్‌కు 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. కానీ పార్టిషన్ (డిస్క్‌లోని భాగం) తప్పుగా ఎంచుకుంటే డేటా పోతుంది, అసలు టెన్షన్ అదే.

బ్యాకప్ లేని ఫొటోలుంటే రిపేరే, అదీ లైవ్ యూఎస్‌బీతో వాటిని కాపీ చేసుకున్నాకే. ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోయినా, డిస్క్ ఖాళీదైనా మళ్లీ వేయడమే నయం.