కడుపుతో ఉన్నప్పుడు మొటిమలకు అజెలాయిక్ యాసిడ్ క్రీము: వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను. ఈ క్రీము నిదానంగా పనిచేస్తుంది. రాసుకున్న కొత్తలో దురద పెడుతుంది. పైన పౌడరు వేస్తే ఉండలు కడుతుంది. అయినా ఐదుకి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. కడుపుతో ఉన్నవాళ్లకి మొటిమల మందుల్లో పనికొచ్చేవే తక్కువ, వాటిలో నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది ఇదే.

నాకు మొటిమలు కొత్తేం కాదు. పెళ్లికి ముందు నుంచీ రాత్రిపూట అడాపలీన్ జెల్ రాసుకునేదాన్ని. గర్భం నిలవగానే స్కిన్ డాక్టరు దాన్ని ఆపేయమన్నారు. గర్భంతో ఉన్నప్పుడు ఆండ్రోజెన్ హార్మోన్లు పెరిగి చర్మంలో నూనె ఎక్కువగా ఊరుతుంది. ఇటు మందు ఆగింది, అటు నూనె పెరిగింది. దవడ పొడవునా, గడ్డం కింద, ముట్టుకుంటే ప్రాణం పోయేలా ఎర్రటి మొటిమలు లేచాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు మాత్రం ముఖంలో కళ వచ్చిందనే అనేవారు. ఎక్కడ వచ్చిందో నాకైతే అర్థం కాలేదు.

పైపూతగా రాసే జెల్ ఎందుకు ఆపాలని డాక్టరును అడిగాను. అడాపలీన్ రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువేనట. కానీ అది, మొండి మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్‌తో పాటు, విటమిన్ ఏకి చుట్టాలైన రెటినాయిడ్ల కుటుంబంలోది. ఐసోట్రెటినాయిన్ మాత్ర గర్భంలో ఉన్న బిడ్డ చెవులు, ముఖం, గుండె, మెదడు ఏర్పడే తీరునే దెబ్బతీస్తుంది. 1982లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందుకి అక్కడ 2006 నుంచి ఐప్లెడ్జ్ అనే కట్టుదిట్టమైన పద్ధతి ఉంది. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లకి పరీక్ష చేసి, గర్భం లేదని తేలితేనే మందు ఇస్తారు. ఆపేశాక కూడా కనీసం నెలరోజులు గర్భం రాకుండా చూసుకోవాలి, అప్పటిదాకా రక్తదానం కూడా చేయకూడదు. ఆ రక్తం కడుపుతో ఉన్న మనిషికి ఎక్కించవచ్చు కదా! ఇంత చరిత్ర ఉన్న కుటుంబం కాబట్టి, పైపూతలను కూడా ఈ తొమ్మిది నెలలు పక్కన పెట్టమంటారు. గర్భం సంగతి తెలియక మొదటి వారాల్లో జెల్ రాసుకున్నవాళ్లు బెంబేలెత్తిపోనక్కర్లేదు. ఆపేసి, డాక్టరుకు చెప్పాలి. మాత్ర వేసుకున్నవాళ్లు మాత్రం తెలిసిన రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అలా అడాపలీన్ స్థానంలోకి వచ్చింది 20 శాతం అజెలాయిక్ యాసిడ్ క్రీము. 15 శాతం జెల్ కూడా దొరుకుతుంది. పేరులో యాసిడ్ ఉందని మా ఆయన హడలిపోయాడు గానీ, ఇది గోధుమ, బార్లీ లాంటి ధాన్యాల్లో సహజంగా ఉండేదే. పూసినదాంట్లో దాదాపు 4 శాతమే ఒంట్లోకి వెళ్తుంది. గర్భిణుల మీద పెద్ద పెద్ద ప్రయోగాలు మామూలుగా చేయరు కదా, అందుకని ఎంత ఇంకుతుంది, జంతువుల మీద చూసినప్పుడు ఏం తేలింది అన్నవే మనకు ఆధారం. గర్భంలో ఎంత భద్రమో చెప్పడానికి అమెరికాలో మందులకు అక్షరాలతో తరగతులు ఇచ్చే పాత పద్ధతిలో ఇది బి తరగతిలో, అంటే మనుషుల్లో ప్రమాదానికి ఆధారాలు లేని వాటిలో ఉండేది. 2015 నుంచి ఆ అక్షరాలకు బదులు వివరంగా రాయడం మొదలుపెట్టారు.

ఇక వాడకం. బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా పలచగా రాయాలి, మొటిమ మీద మాత్రమే చుక్క పెడితే లాభం లేదు. మొదట్లో రాసిన కాసేపటికి ముఖమంతా చీమలు పాకినట్టు ఉండేది. ముందు మాయిశ్చరైజర్ రాసి, అది ఆరాక క్రీము రాయమన్నారు డాక్టరు. ఆ చిట్కాతో దురద సగానికి పైగా తగ్గింది. ఫలితం కోసం మాత్రం వారాలు ఎదురుచూడాలి. కొత్త మొటిమలు తగ్గడం కంటే ముందు, పాత మొటిమలు వదిలిన నల్ల మచ్చలు పలచబడటం గమనించాను. మనలాంటి చామనఛాయ వాళ్లని మొటిమ కంటే మచ్చే ఎక్కువ బాధపెడుతుంది కాబట్టి ఇది నాకు పెద్ద లాభమే. రాసినచోట చర్మం మరీ తెల్లబడుతున్నట్టు అనిపిస్తే మాత్రం ఆపి చూపించుకోవాలి.

ఒక నక్షత్రం కోసింది డబ్బాలో పెట్టే కాగితానికి. చీమ తలకాయంత అక్షరాల్లో "గర్భిణులు వైద్యుని సలహాపై మాత్రమే వాడాలి" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఇంచుమించు అదే మాట ఇంట్లో ఉన్న దగ్గుమందు మీదా ఉంది. ఎంత ఇంకుతుందో, ఎందుకు ఫర్వాలేదో ఒక వాక్యం రాస్తే సొమ్మేం పోతుంది?

మా అక్క ప్రేమగా ఒక సీరం తెచ్చి ఇచ్చింది. చూస్తే రెటినాల్. "విటమిన్ ఏ యేగా, ఒంటికి మంచిదేగా" అంది. "అదే వద్దన్నారక్కా" అని తిరిగి ఇచ్చేశాను. రెటినాల్, రెటినాల్డిహైడ్, రెటినైల్ పాల్మిటేట్, ఏ పేరుతో ఉన్నా అదే కుటుంబం. జుట్టుకీ చర్మానికీ అని అమ్మే బిళ్లల్లో కూడా విటమిన్ ఏ ఉంటుంది. రోజుకు 10,000 అంతర్జాతీయ యూనిట్లు (ఐయూ) దాటితే బిడ్డకు ప్రమాదం. సీసా మీద "సహజం" అని రాసి ఉందని నమ్మేయకండి, వెనక్కి తిప్పి చదవండి.

క్రీముతో పాటు ఉదయం 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్ కూడా వాడాను. ఒంట్లోకి పోయే కొద్దిపాటి కూడా బెంజోయిక్ యాసిడ్‌గా మారి మూత్రంలో పోతుంది కాబట్టి ఫర్వాలేదన్నారు. 10 శాతం కొననక్కర్లేదు, మంట పెరుగుతుందే గానీ ఫలితం పెరగదు. తువ్వాళ్లూ దిండు గలేబులూ మాత్రం రంగు వెలిసిపోతాయి, పాతవి తీసి పెట్టుకోండి. క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ లోషన్ ఇస్తే బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపే వాడాలి, ఒంటరిగా వాడితే సూక్ష్మజీవులు దానికి మొండికేస్తాయి. సాలిసిలిక్ యాసిడ్ ఫేస్‌వాష్ పర్లేదు, చర్మం పై పొర ఊడేలా ఒంటి నిండా చేసే పీల్ వద్దు.

లోతుగా గడ్డలు కట్టే మొటిమలున్నవాళ్లకి ఈ క్రీము ఒక్కటే చాలదు. అలాగని ఇంట్లో మిగిలిన డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మాత్రలు వేసుకోకండి, బిడ్డ పళ్ల రంగు, ఎముకల ఎదుగుదల మీద పడుతుంది. స్పైరనోలాక్టోన్ కూడా వద్దు, అది మగ హార్మోన్ల పనిని అడ్డుకుంటుంది, కడుపులో ఉన్నది మగబిడ్డ అయితే ఎదుగుదలకు ఇబ్బంది. గైనిక్ డాక్టరుకీ స్కిన్ డాక్టరుకీ ఇద్దరికీ చెప్పి అడగండి, గర్భంలో ఇవ్వదగిన మాత్రలు కొన్ని ఉన్నాయి.

ప్రసవం తర్వాత పాలిచ్చే రోజుల్లోనూ ఇదే క్రీము కొనసాగించమన్నారు. బిడ్డ నోరు తగిలే చోట రాయకూడదు, చంటిపిల్ల బుగ్గని మన బుగ్గకి ఆనించుకునే ముందు క్రీము ఇంకిందో లేదో చూసుకోవాలి.