హనుమకొండలో ఆదివారం బ్రంచ్: సర్వపిండి కోసం వెళ్ళండి, బిల్లు చదివి కట్టండి

హనుమకొండలో ఓ పెద్ద హోటల్‌వాళ్ళు పెడుతున్న ఆదివారం బ్రంచ్ బఫేకు సర్వపిండి (గిన్నెలో ఒత్తి కాల్చే తెలంగాణ బియ్యప్పిండి రొట్టె) కోసమైనా వెళ్ళాలి. అంత మంచి వంట పెట్టిన చోటే, అడగకుండా బిల్లులో పది శాతం సర్వీస్ ఛార్జ్ కలిపారు. ఆ సంతోషం, ఈ కోపం రెండూ ఇంకా తగ్గలేదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

శనివారం రామప్ప, ఆదివారం పొద్దున భద్రకాళి గుడి, వేయిస్తంభాల గుడి ఏ ఇబ్బందీ లేకుండా అయిపోయాయి. రెండు గుళ్ళూ దగ్గర దగ్గరే. పొద్దున్నే బయల్దేరితే పదకొండున్నరకల్లా దర్శనాలు ముగుస్తాయి. టిఫిన్ మానేసి చాయ్‌తో సరిపెట్టుకుంటే బ్రంచ్‌కు సరిగ్గా ఆకలవుతుంది.

రేటు పెద్దలకు 899 రూపాయలు, అయిదు నుంచి పదేళ్ళ పిల్లలకు 449, అంతకంటే చిన్నవాళ్ళకు ఉచితం. పన్ను వేరే. సమయం పన్నెండు నుంచి మూడున్నర. ఇందులో పనికొచ్చేది మొదటి గంటన్నరే. పన్నెండుంబావుకు కూర్చున్నవాళ్ళు తినేదీ, రెండింటికి వచ్చినవాళ్ళు తినేదీ ఒకే భోజనం కాదు. బఫేలో మూత గిన్నెల కింద వేడినీళ్ళుంటాయి, వాటికింద చిన్న మంట. ఆ ఆవిరి కూరలకు మంచిదే: నాటుకోడి పులుసు, గోంగూర మాంసం, పప్పు గంటసేపు ఉన్నా చెడవు. వేయించినవి, కాల్చినవి మాత్రం అదే ఆవిరికి మెత్తబడి సాగుతాయి. దోశ పది నిమిషాలకే తోలైపోతుంది. "మూతకింద పెట్టిన దోశకేం రుచి ఉంటది" అని అత్తమ్మ ఒక్క ముక్కతో పక్కన పెట్టేసింది. మక్క గారెలూ అంతే. కొత్త వాయి వచ్చేదాకా ఆగి తీసుకోండి, గిన్నెలో అడుగున మిగిలినవి వద్దు.

సర్వపిండి దగ్గరికి వద్దాం. మామూలుగా హోటళ్ళు దీని జోలికి పోవు, ఎందుకంటే ఇది తొందర ఓర్చుకోదు. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, దంచిన పల్లీలు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు కలిపి గట్టిగా తడిపి, నూనె రాసిన మందపాటి గిన్నెలో చేత్తో పలచగా ఒత్తాలి. వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నటి మంటమీద పది పన్నెండు నిమిషాలు ఉంచాలి. అసలు చిక్కు ఆ తర్వాతే వస్తుంది. కాలుతున్న గిన్నెలో రెండోది ఒత్తితే చెయ్యి కాలుతుంది, పిండీ అంటుకోదు. అందుకని గిన్నె బోర్లించి వీపుమీద నీళ్ళు పోసి చల్లార్చి, తుడిచి, మళ్ళీ మొదలుపెట్టాలి. ఇక్కడ నాలుగు గిన్నెలు పెట్టుకుని, రెండు పొయ్యిమీద ఉంటే రెండు చల్లారేలా తిప్పుతున్నారు. కౌంటర్ దగ్గరున్న పెద్దమ్మ "ఇంకో అయిదు నిమిషాలు ఆగుండ్రి, గిన్నె సల్లారాలె" అంటూ ఎవరు తొందరపెట్టినా కదల్లేదు. ఆ పట్టుదలే రుచిలో కనిపించింది: అడుగు ఎర్రగా కరకరలాడుతుంటే పైన మెత్తగా, శనగపప్పు పంటికింద తగులుతూ. ఒక్కో వాయి నాలుగు ముక్కలు చేసి ఇస్తారు. లోపలికి రాగానే ముందు ఇక్కడ చెప్పి, ఆ తర్వాత మిగతావి చూసుకోండి. పెరుగుతో తినండి. పక్కన పెట్టిన మయోనైజ్‌తో ఈ పిండికి పొత్తు కుదరదు.

బిర్యానీ విషయంలో ఓ మాట. వంటింట్లో హండీ నుంచి వెడల్పు గిన్నెలోకి మార్చేటప్పుడు మసాలా, ముక్కలు కిందికి చేరతాయి, పైన తెల్ల అన్నం మిగులుతుంది. గరిటె ఓ అంచున నిలువుగా అడుగుదాకా దించి ఎత్తితే అన్నం విరగదు, మసాలా వస్తుంది. పైపైన గీరితే చప్పటి అన్నమే. ఇక్కడి మటన్ ముక్క బాగా ఉడికింది, ఉప్పు కొంచెం ఎక్కువ. పచ్చిపులుసు మట్టి కుండలో పెట్టారు, మూడుసార్లు పోసుకోవచ్చు. చైనా నూడుల్స్, పాస్తా రెండూ మూతకింద ముద్దయిపోయాయి. పిల్లలు అవే కావాలన్నారు, సగం వదిలేశారు.

చల్లటివాటిని కళ్ళతో చూసి తీసుకోవాలి. వేడి వంటకం 60 డిగ్రీలకు పైన, చల్లటిది 5 డిగ్రీల లోపు ఉంచాలన్నది ఆహార భద్రత నియమం. కూర గిన్నె మూత తీస్తే పొగలు రావాలి. కోసిన పండ్లు, దహీవడ, రైతా అడుగున ఐసు ఉండాలి. రెండున్నరకు ఇక్కడ ఐసు కరిగి నీళ్ళయింది, ఎవరూ మార్చలేదు. ఆ సమయానికి రైతా ముట్టుకోకపోవడమే మంచిది. స్వీట్లలో ఖుబానీ కా మీఠా ఒక్కటే తినదగ్గది.

ఇప్పుడు బిల్లు. ముగ్గురు పెద్దలు, ఒక పిల్ల: 3,146. చిన్నోడు ఉచితం. అడక్కుండానే బల్లమీద మూతవిప్పి పెట్టిన రెండు నీళ్ళ సీసాలు 120. మొత్తం 3,266. దానిమీద సర్వీస్ ఛార్జ్ పది శాతం, 326.60. ఆ కలిపిన మొత్తంమీద జీఎస్టీ 5 శాతం. చివరికి 3,772.23. అంటే సర్వీస్ ఛార్జ్‌మీద కూడా పన్ను పడింది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది, హోటళ్ళు దీన్ని తమంతట తాము బిల్లులో కలపకూడదని, వేరే పేరుతోనూ వసూలు చేయకూడదని. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మార్గదర్శకాలను సమర్థించింది. ఇష్టమైతే ఇస్తాం, లేకపోతే లేదు. కౌంటర్‌లో కుర్రవాడు "అందరికీ వేస్తాం సార్" అన్నాడు, మేనేజరేమో "మా పాలసీ" అన్నాడు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు చెప్పాక కొత్త బిల్లు వచ్చింది: 3,429.30. తేడా 342.93. డబ్బుకన్నా ఎక్కువ బాధ పెట్టింది ఇంకోటి. ఇరవై నిమిషాలు అక్కడే నిలబెట్టారు, చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తుంటే అత్తమ్మ "ఇచ్చేసెయ్ బిడ్డా, పోదాం" అంది. ఈ మొహమాటం మీదే వాళ్ళ వసూలు నడుస్తోంది. సర్వపిండి చేసిన ఆ పెద్దమ్మ చేతికి వంద రూపాయలు విడిగా ఇచ్చాం, అది మనసుతో ఇచ్చింది.

వెళ్ళేముందు ఫోన్ చేసి అడగండి: చెప్పిన రేటులో పన్ను కలిసిందా, సర్వీస్ ఛార్జ్ ఉందా, పిల్లల రేటు వయసునుబట్టా, ఎత్తునుబట్టా. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటల్‌లోని రెస్టారెంట్‌లో జీఎస్టీ 18 శాతం, మామూలుగా అయితే 5. నలుగురు పెద్దలకు 899 రేటుమీద ఆ తేడా 467 రూపాయలు పైనే. కూర్చోగానే ఫిల్టర్ నీళ్ళు తెమ్మని చెప్పండి, సీసా మూత తీయనివ్వకండి. టేబుల్ అప్పటికప్పుడు వండి ఇచ్చే లైవ్ కౌంటర్ల వైపు అడగండి, తలుపు పక్కన ఇస్తే ఏసీ గాలి తగలదు.

ఖిలా వరంగల్‌ను బ్రంచ్ తర్వాత పెట్టుకోకండి. నాలుగింటికి అక్కడ ఎండ తోరణాల రాళ్ళమీదే ఉంటుంది, కడుపునిండా తిన్నవాళ్ళు నడవలేరు. అత్తమ్మ కారు దిగనేలేదు. కోటను శనివారం సాయంత్రానికి మార్చుకోండి.