ఇంట్లో 5 హెచ్‌పీ కంప్రెసర్ నడపాలంటే కరెంటు ఎలా ఇవ్వాలి: ఏళ్ల తరబడి వాడాక నా అనుభవం

విజయవాడ దగ్గర కానూరులో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత స్కూటర్లు విప్పి, తుప్పు వదిలించి, రంగు వేసి మళ్లీ రోడ్డెక్కిస్తుంటాను. వ్యాపారం కాదు, ఇష్టంతో చేసే పని. రంగు వరకైతే చిన్న ఎయిర్ కంప్రెసర్ ఎలాగోలా సరిపోతుంది గానీ శాండ్ బ్లాస్టింగ్‌కి, అంటే గాలి వేగంతో ఇసుక కొట్టి తుప్పు వదిలించడానికి, చాలదు. 3 మిల్లీమీటర్ల నాజిల్ పెట్టినా 100 పీఎస్ఐ (గాలి ప్రెషర్ కొలత) దగ్గర నిమిషానికి 18, 20 ఘనపుటడుగుల గాలి లాగేస్తుంది. పిస్టన్ కంప్రెసర్ ఒక్కో హెచ్‌పీకి మహా అయితే 4 సీఎఫ్ఎం, అంటే నిమిషానికి 4 ఘనపుటడుగులు, ఇస్తుంది. అందులోనూ షాపులో చెప్పే లెక్క పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్ (పిస్టన్ కదిలే చోటును బట్టి వేసే లెక్క), ట్యాంకులోకి నిజంగా చేరే గాలి అంతకంటే తక్కువే. అందుకే 5 హెచ్‌పీకి తగ్గితే ఆగి ఆగి పని చేసుకోవాల్సిందే. అంత మోటారును ఇంటి కరెంటు మీద ఎలా నడపాలన్నది అసలు ప్రశ్న. సింగిల్ ఫేజ్ మోటారు, సింగిల్ ఫేజ్ మీద వీఎఫ్‌డీ (మోటారు స్పీడును మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవు), చివరికి త్రీ ఫేజ్ సర్వీసు, మూడూ వాడి చూశాను కాబట్టి రాస్తున్నాను.

ముందు ఒక మాట. నడిచేటప్పుడు కంప్రెసర్ మోటారు పెద్దగా ఏడిపించదు, ఏడిపించేదల్లా స్టార్ట్ అయ్యేటప్పుడే. నేరుగా లైనుకు కలిపితే ఏ మోటారైనా మొదటి క్షణాల్లో తన మామూలు కరెంటుకి ఆరేడు రెట్లు లాగుతుంది. ఆటోనగర్‌లో నేను మోటార్లు చూపించుకునే వైండింగ్ షాపు పెద్దాయన ఒకసారి కాలిన వైండింగ్ నా చేతిలో పెట్టి, "బాబూ, ఇది పరిగెత్తి కాలింది కాదు, లేవలేక కాలింది" అన్నారు. కంప్రెసర్లలో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే ట్యాంకులో ప్రెషర్ తగ్గినప్పుడల్లా ఆగి ఉన్న మోటారు మళ్లీ లేవాలి.

సింగిల్ ఫేజ్‌లో నేను నడిపింది 3 హెచ్‌పీ, రెండు కండెన్సర్ల (కెపాసిటర్ల) మోటారు. నడుస్తుంటే 15 ఆంపియర్ల దగ్గర ఉండేది, లేచేటప్పుడు టాంగ్ టెస్టర్‌లో (వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) 80 దాకా కొట్టేది. మీటరు ముందు వరండాలో ఉంది, షెడ్డు వెనక, వైరు 30 మీటర్లు. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే పోను రాను కలిపి 0.44 ఓమ్‌ల రెసిస్టెన్స్, 80 ఆంపియర్లకు 35 వోల్టులు దారిలోనే పోతాయి. అదే 6 స్క్వేర్ ఎంఎం అయితే 15 వోల్టులు. నేను 6 వేయించాను, అయినా ఎండాకాలం రాత్రుళ్లు వీధంతా ఏసీలు వేసుకున్నాక మీటరు దగ్గరే 195 వోల్టులు చూపించేది. ఓల్టేజి తగ్గితే మోటారు బలం అంతే తగ్గదు, దాని వర్గం (స్క్వేర్) లెక్కన తగ్గుతుంది. 230 రావాల్సిన చోట 190 వస్తే మూడింట రెండొంతుల బలమే మిగులుతుంది. అప్పుడు మోటారు లేవకుండా గుర్రుమంటూ కూర్చుంటుంది, ఇంట్లో లైట్లు డిమ్మవుతాయి, లోపల్నుంచి మా ఆవిడ "ఏవండీ, టీవీ ఆగిపోయింది" అంటుంది.

ఈ మోటార్లలో ముందు పోయేది మోటారు లేవడానికి ఊతమిచ్చే స్టార్ట్ కండెన్సర్. ఆ నల్ల డబ్బా గంటకు ఏ ఇరవై స్టార్టులో తట్టుకునేలా తయారవుతుంది. బ్లాస్టింగ్ చేస్తూ ఉంటే అంతకంటే ఎక్కువసార్లు ఆగి లేస్తుంది. పోయే ముందు డబ్బా పైమూత కొంచెం ఉబ్బుతుంది, వేలితో తడిమితే తెలిసిపోతుంది. నేను వారానికోసారి తడిమి చూసేవాణ్ణి, ఉబ్బు కనిపిస్తే అదే రోజు మార్చేవాణ్ణి. రంగులు, పంక్చర్లు, ఎయిర్ గ్రీజు గన్ వరకే మీ పని అయితే ఈ ఏర్పాటు బాగానే నడుస్తుంది, ఖర్చూ తక్కువ. అంతకు మించి దీన్నుంచి ఆశించకండి.

రెండోది వీఎఫ్‌డీ. అందరికీ కాకపోయినా 3 హెచ్‌పీ వాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే. సింగిల్ ఫేజ్ 230 లోపలికి తీసుకుని త్రీ ఫేజ్ 230 బయటికి ఇచ్చే డ్రైవు ఇది. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. మన దగ్గర దొరికే త్రీ ఫేజ్ మోటార్లలో 3 హెచ్‌పీ దాకా సాధారణంగా 415 వోల్టులకు స్టార్ కనెక్షన్‌లో వస్తాయి, 5 హెచ్‌పీ నుంచి డెల్టాలో వస్తాయి. స్టార్ అంటే మూడు వైండింగుల ఒక్కో కొస ఒకచోట ముడిపడటం, డెల్టా అంటే మూడూ త్రిభుజంలా ఒకదాని కొసకు ఒకటి కలవడం. స్టార్‌లో ఉన్నదాన్ని డెల్టాకు మారిస్తే అదే మోటారు 230కి సరిపోతుంది. టెర్మినల్ బాక్సు మూత తీస్తే ఆరు బోల్టులు, మూడు ఇత్తడి పట్టీలు ఉంటాయి. ఒక వైపు మూడు బోల్టులను కలుపుతూ అడ్డంగా ఉన్న పట్టీలను విప్పి, పైదాన్ని కిందిదానితో నిలువుగా కలిపితే డెల్టా అయిపోతుంది. కొన్ని మోటార్లకు మూడే తీగలు బయటికి వస్తాయి, స్టార్ ముడి లోపలే ఉంటుంది. అలాంటప్పుడు వైండింగ్ షాపులో ఆ ముడి విప్పించి ఆరు తీగలు బయటికి తీయించాలి, చిన్న పనే. 5 హెచ్‌పీ మోటారు మాత్రం ముందే డెల్టాలో ఉంది కాబట్టి 230 డ్రైవు పెడితే దానికి సగం ఓల్టేజే అందుతుంది, గాలి నిండే లోడులో అది లాగలేదు. "సింగిల్ ఫేజ్ మీద ఎంత పెద్ద మోటారైనా వీఎఫ్‌డీతో నడుస్తుంది" అని ఎవరైనా చెబితే ముందు మోటారు మీద వివరాలు రాసి ఉండే నేమ్ ప్లేటు చూడండి.

3 హెచ్‌పీ మీద ఈ పద్ధతి నాకు ఎంతో హాయినిచ్చింది. మోటారు నిదానంగా, ఆరేడు సెకన్లలో స్పీడు అందుకుంటుంది, లైట్లు కదలవు, కండెన్సర్ల గోల లేదు. డ్రైవు లోపలికి లాగే కరెంటు మాత్రం ఎక్కువే, 2.2 కిలోవాట్ల డ్రైవుకు ఫుల్ లోడులో 23 ఆంపియర్ల దాకా ఉంటుంది. అందుకని 6 స్క్వేర్ వైరు ఇక్కడా కావాల్సిందే.

5 హెచ్‌పీకి మారాలనుకున్నాక త్రీ ఫేజ్ సర్వీసుకు అప్లై చేశాను. అదనపు లోడుకు కిలోవాట్ల లెక్కన డెవలప్‌మెంట్ చార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి, మీటరు మారుతుంది, స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు మారుతుంది. నెలనెలా ఫిక్స్‌డ్ చార్జీ కూడా లోడును బట్టే. ఈ ఖర్చు చూసి వెనకాడేవాళ్లకు ఒక లెక్క చెబుతాను. 5 హెచ్‌పీ అంటే 3.7 కిలోవాట్లు, త్రీ ఫేజ్‌లో ఒక్కో ఫేజు మీద ఏడున్నర ఆంపియర్లే. నా పాత 3 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు లాగినదానిలో సగం. వైరు వేడెక్కదు, ఓల్టేజి పడిపోదు, ఇంట్లో మిగతా లోడును మూడు ఫేజుల మీదా పంచుకోవచ్చు. నాకు పెట్టిన ప్రతి రూపాయీ వసూలైంది.

పల్లెల్లో మోటార్లకు ఒక ఫేజు పోయినప్పుడు కండెన్సర్ పెట్టి రెండు ఫేజుల మీద నడుపుతుంటారు కదా, అది చూసి "నువ్వూ అలా చేసెయ్యొచ్చుగా అన్నా" అన్నాడు తెనాలి నుంచి వచ్చిన మా తమ్ముడు వరసవాడు. బోరు మోటారు ఒకసారి లేస్తే గంటలు నడుస్తుంది, కంప్రెసర్ నిమిషాల్లో మళ్లీ మళ్లీ లేవాలి. పైగా కండెన్సర్ ఇచ్చే మూడో ఫేజు ఏదో ఒక లోడుకే సరిగ్గా కుదురుతుంది, మిగతా సమయమంతా ఒక వైండింగ్ ఎక్కువ వేడెక్కుతూనే ఉంటుంది. కంప్రెసర్‌కి వద్దే వద్దు.

త్రీ ఫేజ్ వచ్చాక కూడా నేను మామూలు స్టార్టర్ పెట్టలేదు, 415 వోల్టుల వీఎఫ్‌డీ పెట్టాను. అది కూడా మోటారు కంటే ఒక సైజు పెద్దది, 7.5 హెచ్‌పీది. కారణం ఎండ. చాలా డ్రైవులకు చుట్టూ గాలి 40 డిగ్రీలు ఉన్నంతవరకే పూర్తి రేటింగ్, ఆపైన డిగ్రీ డిగ్రీకి తగ్గిపోతుంది. రోహిణి కార్తెలో బెజవాడలో బయటే 45 దాటితే రేకుల కింద ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. లోపల ఉండే కెపాసిటర్ల ఆయుష్షు కూడా పది డిగ్రీలు పెరిగితే సగానికి పడిపోతుంది. అందుకే డ్రైవును షెడ్డు లోపల కాకుండా ఇంటి గోడకు, ఉత్తరం వైపు, పంచ కింద పెట్టించాను. బ్లాస్టింగ్ ఇసుక, పెయింటు పొగ తగలకుండా ఉండటం ఇంకో లాభం. ఆ పొగ డ్రైవు ఫ్యాను రెక్కలకు జిగురులా పట్టి, దాని మీద దుమ్ము చేరితే ఫ్యాను ఆగిపోతుంది. శుభ్రం చేసేటప్పుడు కరెంటు ఆపేశాక కనీసం పది నిమిషాలు ఆగి మూత తీయండి, లోపల కెపాసిటర్లలో 500 వోల్టులకు పైన నిలవ ఉంటుంది.

వైరింగులో అన్నిటికంటే ముఖ్యమైనది ప్రెషర్ స్విచ్. మామూలు కంప్రెసర్‌లో అదే మోటారు కరెంటును కలిపి తెంపుతుంది. వీఎఫ్‌డీ పెట్టినప్పుడు అలా చేయకూడదు. డ్రైవుకూ మోటారుకూ మధ్య తెంపితే డ్రైవులోని ట్రాన్సిస్టర్లు దెబ్బతింటాయి, డ్రైవుకు వచ్చే మెయిన్‌ను మాటిమాటికీ తెంపితే చార్జింగ్ సర్క్యూట్ పోతుంది. సరైన పద్ధతి ఏంటంటే, ప్రెషర్ స్విచ్ కాంటాక్టుల నుంచి మోటారు వైర్లు తీసేసి, రెండు సన్నటి కంట్రోల్ వైర్లు కలిపి డ్రైవులో స్టార్ట్ సిగ్నల్ టెర్మినల్‌కు ఇవ్వడం. మెయిన్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, స్విచ్ "నడువు", "ఆగు" అని మాత్రమే చెబుతుంది. స్విచ్ పక్కనున్న చిన్న అన్‌లోడర్ వాల్వు ఎప్పట్లాగే పని చేస్తుంది. మోటారు ఆగగానే స్‌స్‌ మని ఒకటి రెండు సెకన్లు గాలి వదిలితే అది బాగున్నట్టు. అసలు వదలకపోతే హెడ్డులో (పిస్టన్ పైభాగంలో) గాలి అలాగే ఉండి తర్వాతి స్టార్టు బరువవుతుంది. ఆగకుండా వదులుతూనే ఉంటే ట్యాంకు దగ్గరి నాన్ రిటర్న్ వాల్వులో (గాలిని వెనక్కి రానివ్వని వాల్వు) చెత్త పడిందన్నమాట. కరెంటు సమస్య అనుకుని ఎలక్ట్రీషియన్‌ను పిలిచే ముందు ఈ శబ్దం వినండి.

స్పీడు తగ్గించుకునే సౌకర్యం ఉంది కదా అని మరీ తగ్గించకూడదు. చిన్న పిస్టన్ కంప్రెసర్లలో ఆయిల్ పంపు ఉండదు, క్రాంకు తిరుగుతూ నూనెను చిమ్మితేనే బేరింగులకు అందుతుంది. హెడ్డును చల్లబరిచేది కూడా ఫ్లైవీల్ రెక్కల గాలే. మన కరెంటు 50 హెర్ట్జ్, అదే మోటారు మామూలు స్పీడు; నేను 40 హెర్ట్జ్ కిందికి వెళ్లకుండా డ్రైవులో కనీస స్పీడు సెట్ చేసేశాను. రంగు వేసేటప్పుడు 40 దగ్గర నడిపితే శబ్దం తగ్గి పక్కింటివాళ్లకు కూడా కాస్త ప్రశాంతంగా ఉంటుంది, బ్లాస్టింగ్‌కి 50.

ఇంకో మేలు కూడా ఉంది. త్రీ ఫేజ్‌లో ఒక ఫేజు పోతే మామూలు స్టార్టర్ మీద నడుస్తున్న మోటారు మిగిలిన రెండింటి మీద 1.7 రెట్లు కరెంటు లాగి కాలిపోతుంది, మన దగ్గర మోటార్లు కాలడానికి పెద్ద కారణమే ఇది. డ్రైవు వెంటనే ట్రిప్ అయి ఆగిపోతుంది. లైను పనులు చేశాక ఫేజులు అటూ ఇటూ మారినా డ్రైవుకు పట్టదు, మోటారు తిరిగే దిశ మారదు. స్టార్టర్ మీదైతే ఫ్లైవీల్ వెనక్కి తిరిగి హెడ్డుకు గాలి సరిగ్గా తగలక వేడెక్కుతుంది. మామూలు స్టార్టరే పెట్టుకునేవాళ్లు సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారును ఆపే పరికరం) లేకుండా ఒక్క రోజు కూడా నడపకండి, కరెంటు ఎక్కువైతే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలేను నేమ్ ప్లేటు మీదున్న ఆంపియర్ల దగ్గరే ఉంచండి. మోటారు బాడీకి రెండు వేర్వేరు ఎర్తింగులు తప్పనిసరి, ఇది ఏ పద్ధతికైనా.

ప్యానెల్ ఎంత ఎత్తులో పెట్టాలన్నది 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నేర్పింది. సింగ్‌నగర్‌లో మా స్నేహితుడి షెడ్డులో మోటారు రోజుల తరబడి నీళ్లలో ఉంది. వైండింగ్ షాపులో విప్పి, ఆరబెట్టి, మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టి చూసి, వార్నిష్ పోయించాక అది మళ్లీ నడుస్తోంది. డ్రైవు మాత్రం చెత్తబుట్టకే. మోటారును బతికించుకోవచ్చు, ఎలక్ట్రానిక్స్‌ను కష్టం. గోడ మీద మీ తల ఎత్తుకు పైనే పెట్టండి, స్టూలు ఎక్కి చూడాల్సి వచ్చినా పర్లేదు.

కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద నడపాలనుకుంటే, నేరుగా స్టార్ట్ అయ్యే 5 హెచ్‌పీకి 15 కేవీఏ (జనరేటర్ సామర్థ్యం కొలత) దాకా కావాలి, డ్రైవు ఉంటే దాదాపు సగంతో సరిపోతుంది. నేనైతే జనరేటర్ పెట్టుకోలేదు, కరెంటు పోతే చేత్తో గీకే పనులు చూసుకుంటాను. బిల్లు సంగతికి వస్తే ఫుల్ లోడులో గంటకు నాలుగు యూనిట్ల పైన కాలుతుంది, కాబట్టి గాలి లీకులు డబ్బే. రాత్రి ట్యాంకు నింపి వదిలేస్తే తెల్లారేసరికి ప్రెషర్ ఎంత పడిందో చూసుకుని సబ్బు నురగతో జాయింట్లు వెతకండి. ఇక షెడ్డులో డబ్బులు తీసుకుని పని చేయడం మొదలుపెడితే మాత్రం ఇంటి కేటగిరీ సర్వీసు మీద నడపకండి, ముందుగానే కరెంటు ఆఫీసుకు వెళ్లి కేటగిరీ మార్పించుకోండి.