ఆస్బోర్న్ 1, మోడెమ్7: నాలుగేళ్ళ కాపురం

ముందే చెప్పేస్తున్నాను. ఆస్బోర్న్ 1 ఒక కంప్యూటర్, మోడెమ్7 దాన్ని ఫోన్ లైను మీద వేరే కంప్యూటర్లతో కలిపే ప్రోగ్రామ్. ఈ జోడీ ఫైళ్ళు చేరవేయడానికి భేషుగ్గా ఉంటుంది, టెర్మినల్‌గా, అంటే దూరపు కంప్యూటర్‌కి తెర, కీబోర్డులా, మాత్రం అంతంతమాత్రం. 1984 చలికాలం నుంచి 1988 వేసవి దాకా దాదాపు ప్రతి రాత్రీ వాడాను. కొన్న నెలలోనే రాసి ఉంటే ఇందులో తిట్లు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. మొదటి మూడు వారాలు ఇది అసలు పనే చేయలేదు.

అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఎమ్మెస్ చదువుకునే రోజులు. 1981లో ఆస్బోర్న్ 1 బయటికి వచ్చినప్పుడు ధర 1,795 డాలర్లు, స్టూడెంటుకు అందే మాట కాదు. 1983 సెప్టెంబరులో కంపెనీ దివాలా పిటిషన్ వేయడంతో పాత మిషన్ల ధరలు పడిపోయాయి. ఊరు ఖాళీ చేసి పోతున్న ఒకాయన దగ్గర నాకు చవగ్గా దొరికింది. పదకొండు కిలోల పెట్టె, పైన పిడి, మూత తీస్తే అదే కీబోర్డు. బస్సులో తెచ్చేసరికి భుజం పడిపోయింది. మా గుంటూరు రూమ్మేటు తలుపు తీసి, "ఏంట్రా ఇది, కుట్టుమిషను కొనుక్కొచ్చావా?" అన్నాడు. తర్వాత నాలుగేళ్ళూ దాన్ని కుట్టుమిషనే అన్నాడు.

లోపల 4 మెగాహెర్ట్జ్ జడ్80 ప్రాసెసర్, 64 కె ర్యామ్, రెండు ఫ్లాపీ డ్రైవులు. ఒక్కో ఫ్లాపీలో పట్టేది 90 కె చిల్లర. తెర అయిదంగుళాలు, వరుసకు 52 అక్షరాలు. సీపీఎం 2.2 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తోపాటు రాతకి వర్డ్‌స్టార్, లెక్కలకి సూపర్‌కాల్క్, రెండు బేసిక్‌లు వచ్చాయి. డిజైన్ లీ ఫెల్సెన్‌స్టైన్‌ది, పేరు ఆడమ్ ఆస్బోర్న్‌ది. ఈ ఆడమ్ బాంకాక్‌లో పుట్టినా చిన్నతనం తిరువణ్ణామలైలో గడిపాడు. తండ్రి రమణ మహర్షి భక్తుడు. ఈ సంగతి తెలిశాక అమ్మకు ఫోన్‌లో చెప్పాను. "అరుణాచలంలో పెరిగినాయన చేసిందా నాయనా, అయితే జాగ్రత్తగా చూసుకో" అంది. రెండు నిమిషాల కాల్‌లో అరనిమిషం దానికే పోయింది.

నాకు కావలసింది ఒకటే: రాత్రి గది నుంచే యూనివర్సిటీ పెద్ద కంప్యూటర్‌కి ఫోన్ చేసి పని చేసుకోవాలి, అక్కడి ఫైళ్ళు ఇక్కడికి దించుకోవాలి. అందుకు అప్పట్లో అందరి నోటా ఉన్న పేరు మోడెమ్7. షికాగోలో వార్డ్ క్రిస్టెన్సెన్ 1977లో రాసి సోర్స్‌తో సహా ఊరికే ఇచ్చేసిన ప్రోగ్రామ్‌కి ఇది వారసుడు. మరుసటేడు ఫిబ్రవరి 16న ఆయన, రాండీ స్యూస్ కలిసి సీబీబీఎస్ అనే బులెటిన్ బోర్డు పెట్టారు, ఫోన్ చేసి సందేశాలు వదిలిపెట్టే గోడ లాంటిది. ఫైలుని 128 బైట్ల ముక్కలుగా పంపి, ముక్కముక్కకీ 'అందింది', 'అందలేదు' అని జవాబు తీసుకునే ఎక్స్‌మోడెమ్ పద్ధతి క్రిస్టెన్సెన్‌దే. 128 ఎందుకంటే సీపీఎం డిస్కు సెక్టార్ కొలత అది. నేను వాడింది ఎమ్‌డీఎమ్7 వరుసలో ఇర్వ్ హాఫ్ దిద్దిన వెర్షన్. మిషన్‌కి మిషన్‌కి మారే భాగాన్నంతా ప్రోగ్రామ్ మొదట్లో ఒకచోట పెట్టి, అక్కడ మన మిషన్ అతుకు వేసుకోమంటారు. ఆ అతుకునే ఓవర్లే అనేవారు.

ముందసలు ప్రోగ్రామ్ మిషన్‌లోకి ఎక్కాలి కదా. మోడెమ్ ప్రోగ్రామ్ తెచ్చుకోవడానికి మోడెమ్ ప్రోగ్రామ్ కావాలి, పెళ్ళి కుదిరితే పిచ్చి కుదురుతుంది, పిచ్చి కుదిరితే పెళ్ళి కుదురుతుంది. ఒక్కో మిషన్ ఫ్లాపీలో ఒక్కో రకంగా రాసేది కాబట్టి వేరేవాళ్ళ డిస్కు పెడితే నాది చదవదు. క్లాసులో ఒక తమిళ మిత్రుడికి కేప్రో అనే ఇంకో సీపీఎం మిషన్ ఉండేది. 2, 3 కాళ్ళు తిప్పి కలిపిన కేబుల్ ఒకటి టంకం పెట్టి, రెండు పెట్టెల్నీ వంటగది బల్ల మీద ఎదురెదురుగా పెట్టాం. సీపీఎంలో ఫైళ్ళు కాపీ చేసే కమాండ్ పిప్; కేబుల్‌లోకి పంపే దారి పేరు పంచ్, అందుకునే దారి పేరు రీడర్. అటు నుంచి పిప్‌తో పంచ్‌కి పంపడం, ఇటు పిప్‌తో రీడర్ నుంచి అందుకోవడం. దారిలో తప్పు పోతే పట్టుకునే నాథుడు లేడు. అయితే ప్రోగ్రామ్‌ని అక్షరాలుగా మార్చి రాసిన హెక్స్ ఫైల్లో ప్రతి వరుస చివరా ఒక చెక్‌సమ్, అంటే సరిచూసుకునే మొత్తం, ఉంటుంది. లోడ్ కమాండ్ దాన్ని సరిచూస్తుంది. ఫైలు పెద్దది, పిప్ మధ్యలో డిస్కు మీద రాయడానికి ఆగితే అక్షరాలు జారిపోతాయి, కాబట్టి రెండు ముక్కలు చేసి పంపి ఇక్కడ కలిపాను. 300 బాడ్‌లో, అంటే సెకనుకి ముప్పై అక్షరాల వేగంలో, దాదాపు అరగంట. మొదటిసారి చెక్‌సమ్ తప్పు వచ్చింది, రెండోసారి ఎక్కింది.

ఎక్కింది కానీ నడవలేదు. ఇక్కడే అసలు కథ.

అప్పటి సీపీఎం మిషన్లలో ఎక్కువ భాగం మోడెమ్‌తో మాట్లాడే సీరియల్ చిప్పుని ఒక పోర్టు నంబరు మీద పెట్టేవి. ఇన్ అంటే చదవడం, అవుట్ అంటే రాయడం. ఓవర్లేలో ఆ నంబర్లు, ఏ బిట్ చూడాలో మార్చుకుంటే పని అయిపోయేది. ఆస్బోర్న్‌లో పోర్టు నంబరంటూ లేదు. దాని 6850 చిప్పు జ్ఞాపకంలో ఒక చిరునామాగా కూర్చుంటుంది: హెక్స్‌లో 2ఎ00 దగ్గర స్థితి, 2ఎ01 దగ్గర డేటా. సరే, అక్కడ చదువుకుంటే పోలా అనుకుంటాం. చదివితే వచ్చేది మన ర్యామ్‌లో ఉన్న చెత్తే. 64 కె అంతా ర్యామ్‌కే ఇచ్చేశారు కాబట్టి రోమ్, కీబోర్డు, డిస్కు, సీరియల్ చిప్పు అన్నీ నాటకం తెర వెనకాల ఉన్నట్టు ఉంటాయి. అవుట్ 0 అంటే కింది 16 కె ర్యామ్ పక్కకి పోయి వాటి రంగం వస్తుంది. అవుట్ 1 అంటే మళ్ళీ ర్యామ్ రంగం. సురభి నాటకంలో కళ్ళ ముందే తెరలు మారినట్టు.

సీపీఎం ప్రోగ్రాములన్నీ మొదలయ్యేది 0100 నుంచి. ఓవర్లే ఉండేదీ అక్కడే. అంటే నా అతుకు అవుట్ 0 అనగానే, ఆ అతుకే మాయమై దాని స్థానంలో రోమ్ వస్తుంది. కూర్చున్న కొమ్మని నరుక్కోవడం అన్నమాట. తర్వాతి ఆదేశం కోసం జడ్80 చూసేసరికి అక్కడ ఇంకెవరిదో కోడ్. మిషన్ బిగుసుకుపోయేది, రీసెట్ నొక్కాలి. రోజుకి ముప్పై సార్లు నొక్కేవాణ్ణి.

బీడాస్ ద్వారా, అంటే సీపీఎం తనే చేసిపెట్టే సేవల ద్వారా, పోతే ఈ గొడవే లేదని మీలో ఎవరైనా అనొచ్చు. నేనూ అనుకున్నాను. కానీ సీపీఎం 2.2లో రీడర్ నుంచి అక్షరం అడగొచ్చు గానీ, అక్షరం వచ్చిందా లేదా అని అడిగే దారి లేదు. అడిగితే వచ్చేదాకా అక్కడే నిలబడిపోతుంది, ఈలోగా కీబోర్డు చచ్చినట్టే. టెర్మినల్‌కి అది పనికిరాదు.

చివరికి చేసిందేమిటంటే, నలభై బైట్లు దాటని ఒక చిన్న ముక్క రాసి, ప్రోగ్రామ్ మొదలవగానే దాన్ని సి000కి కాపీ చేయించాను. ఫైలు ముక్కలు పోగేసే బఫర్ అంతదాకా రాదని చూసుకున్నాను. ఆ చోటు 16 కెకి పైన కాబట్టి తెర మారినా కదలదు. అక్కడ ఇంటరప్టులు (పని మధ్యలో వచ్చే పిలుపులు) ఆపు, అవుట్ 0, చిప్పుని చదువు, అవుట్ 1, ఇంటరప్టులు వదులు, వెనక్కి వెళ్ళు. ఓవర్లేలోని ఖాళీల్లో దీనికి గెంతులు పెట్టాను. అప్పుడు కూడా ఒకరోజు నడిచి ఒకరోజు చచ్చేది. మూడు రాత్రులు తల గోక్కుంటే తేలింది, అవుట్ 0కీ అవుట్ 1కీ మధ్య నేనొక కాల్ (ఇంకో ముక్కకి వెళ్ళి తిరిగి రమ్మనే ఆదేశం) పెట్టాను, అప్పటికి తిరిగొచ్చే చిరునామాలు దాచే స్టాక్ కింది 16 కెలో ఉంది. తిరిగొచ్చే చిరునామా కూడా తెరతోపాటే పోయింది! ఆ కాల్ తీసేసి వరసగా రాస్తే కుదురుకుంది. తర్వాత ఒక యూజర్ గ్రూపు డిస్కులో వేరే ఎవరో రాసిన ఓవర్లే చూశాను. ఆయనా పై జ్ఞాపకంలోకే పారిపోయాడు, నాకంటే పొందికగా. ఆ డిస్కు ముందే చూసి ఉంటే మూడు వారాలు మిగిలేవి, నాకు 6850 గురించి ఒక్క ముక్కా వచ్చేది కాదు.

వేగం మార్చడం మాత్రం సుఖం. చిప్పుకి వచ్చే గడియారాన్ని 16తో భాగిస్తే 1200 బాడ్, 64తో భాగిస్తే 300. కంట్రోల్ బైట్‌లో రెండు బిట్ల తేడా, అంతే. ఓవర్లేలో క్లాక్ వేగం చెప్పే బైట్ ఒకటుంటుంది, 4 మెగాహెర్ట్జ్‌కి 40 అని పెట్టాలి. దాన్ని పట్టించుకోకపోతే ఎదురుచూసే వ్యవధులన్నీ తప్పుతాయి, బాగున్న లైన్లో కూడా ముక్కలు అందలేదని గొణుగుతుంది. చివర్లో డీడీటీ అనే సీపీఎం పనిముట్టుతో అతికించి, 256 బైట్ల పేజీలు 66 డిస్కు మీద దాచమని సేవ్ 66 కొట్టడం. డీడీటీ 4300 చూపిస్తే ఒక పేజీ తగ్గించి 42, అది హెక్స్ కాబట్టి 66. ఆ లెక్క ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

వాడకంలో ఎలా ఉందంటే, ఫైళ్ళ విషయంలో వంక పెట్టడానికి లేదు. నిండు ఫ్లాపీ అంటే 720 ముక్కలు. 300 బాడ్‌లో దాదాపు గంట పట్టేది. 1986లో 1200 మోడెమ్ కొన్నాక పావుగంట. ముక్క చెడితే మళ్ళీ అడిగి తెచ్చుకునేది. దించుకున్న ప్రోగ్రామ్ ఒక్క బైట్ తేడాతో చెడిపోయిన సందర్భం నాకు తగల్లేదు, సీఆర్‌సీ అనే ఇంకా గట్టిగా సరిచూసే పద్ధతి వాడటం మొదలెట్టాక ఆ భయమే పోయింది. మా యూనివర్సిటీ లైన్లు ఎనిమిదో బిట్‌ని పారిటీకి (తప్పు పట్టే గుర్తుకి) తినేసేవి కాబట్టి అక్కడ ఎక్స్‌మోడెమ్ చెల్లలేదు. దానికి కొలంబియా యూనివర్సిటీ వాళ్ళ కెర్మిట్ అనే ఇంకో పద్ధతి వాడాను. నెమ్మదైనా, ఎలాంటి లైన్లోనైనా ఒదిగిపోతుంది.

టెర్మినల్‌గా? అవతలి కంప్యూటర్ 80 అక్షరాల వరుసలు పంపుతుంది, ఇక్కడ కనపడేవి 52. మిగతావి పోవు, పక్కన దాక్కుంటాయి. కంట్రోల్ నొక్కి బాణాలతో తెరని జరుపుకోవాలి. ఉత్తరం చదవడానికి పర్వాలేదు. ఫోర్‌ట్రాన్ ప్రోగ్రామ్ దిద్దేటప్పుడు వరుస చివర చూడాలంటే కిటికీ సందులోంచి ఊరేగింపు చూసినట్టే. సిలబస్ ఫోటోకాపీ అంత చిన్న అక్షరాలు, చివరి ఏడాది కళ్ళద్దాలు వచ్చాయి. నేరం తెరదని నా అభిప్రాయం, డాక్టరు ఒప్పుకోలేదు. ఇంకో తంటా: టెర్మినల్ నుంచి బయటికి రావడానికి మోడెమ్7 వాడేది కంట్రోల్-ఇ. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో వరుస చివరికి వెళ్ళడానికీ అదే. వరుస చివరికి పోదామనుకున్న ప్రతిసారీ ఏకంగా ఇంటికొచ్చేసేవాణ్ణి. ఓవర్లేలో ఆ అక్షరాన్ని మార్చేశాను, ఒక్క బైట్.

పొగడాల్సింది ఇంకొకటి ఉంది, కంట్రోల్‌తో అంకెలు నొక్కితే మనం ముందే పెట్టుకున్న మాటలు వచ్చే సదుపాయం. సెటప్‌లో యూనివర్సిటీ నంబరు, డయల్ కమాండ్ ఒకటో అంకె మీద పెట్టాను. దూరపు నంబర్లకి రాత్రి పదకొండు దాటాక చవక రేటు, అవి రెండో అంకె మీద. ఫోన్ లైను ఒక్కటే కావడం వల్ల గదిలో రోజూ పంచాయితీ. కాల్ వెయిటింగ్ పెట్టించుకున్న నెలలో, ఎవరైనా చేస్తే వచ్చే ఆ 'టిక్' శబ్దానికే లైను తెగి, 600 ముక్కలు దాటిన ఫైలు మొదటికొచ్చేది. ఎక్స్‌మోడెమ్‌కి ఆగిన చోట నుంచి ఎత్తుకోవడం రాదు. రూమ్మేటుకి అప్పుడే సంబంధాలు చూస్తున్నారు, కాల్ వెయిటింగ్ తీసేద్దామంటే పడనిచ్చేవాడు కాదు.

ఆఖరిసారి వాడింది 1988 జూన్‌లో. కొత్తగా కొన్న పీసీ క్లోన్‌కి మళ్ళీ అదే తిప్పుడు కేబుల్ తగిలించి, నాలుగేళ్ళ ఫ్లాపీలన్నీ దాంట్లోకి పంపాను. మోడెమ్ లేదు, ఫోన్ లేదు కాబట్టి లైను తెగే భయం లేదు. ఒక్కోటి పావుగంట. డ్రైవు గరగరమంటుంటే పక్క గదిలోంచి అరిచాడు, "ఇంకెన్ని ఉన్నాయిరా కుట్టుమిషనుకి?"

"పదకొండు."

"అయితే ఫోన్ నాదేగా ఇవాళ?"