గుల్మార్గ్‌లో ఒక్క రాత్రి చాలదు

స్కీయింగ్, అంటే కాళ్లకి పొడవాటి పలకలు (స్కీలు) కట్టుకుని మంచు వాలు మీద జారడం, ఆ మాట మా ఇంట్లో మొదట ఎత్తింది మా అమ్మాయి. అప్పుడు ఆరో తరగతి. 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌కి మన దేశం నుంచి ఆరిఫ్ ఖాన్ ఒక్కడే వెళ్లాడని, ఆయన కశ్మీర్‌లోని గుల్మార్గ్ వాలుల మీదే నేర్చుకున్నాడని స్కూల్లో విని వచ్చింది. ఆ రోజు నుంచి రోజూ అదే పాట. నేను మల్కాజిగిరిలో ఫిజియోథెరపిస్టుని. పొద్దున లేస్తే మోకాళ్లతోనే పని. స్కీయింగ్ అనగానే నాకు ముందు గుర్తొచ్చింది లిగమెంట్లు తెగి వచ్చే పేషెంట్లే. అయినా అది అంతగా అడుగుతుంటే కాదనలేకపోయాను.

2024 సంక్రాంతి సెలవులకి అనుకుని మా దగ్గర్లో ఒక ట్రావెల్ ఏజెన్సీలో 30,000 అడ్వాన్సు కట్టాం. వాళ్లిచ్చిన కాగితంలో ఆరు రాత్రులు. శ్రీనగర్, పహల్గాం, సోనమార్గ్, అన్నీ ఉన్నాయి. గుల్మార్గ్‌కి మాత్రం ఒక్క రాత్రి. పక్కన 'స్కీయింగ్ ఉంటుంది' అని రాశారు. ఎన్ని గంటలు, ఎవరు నేర్పిస్తారు, బూట్లు ఎక్కడివి అని ఫోన్ చేసి అడిగితే "అక్కడికెళ్లాక మనవాళ్లు చూసుకుంటారు మేడం" అన్నారు. అంతకుముందు అలాంటి ప్యాకేజీలోనే వెళ్లొచ్చిన నా పేషెంట్ ఒకావిడ అసలు సంగతి చెప్పింది. గుర్రం మీద కాస్త దూరం, చెక్క బండి మీద ఒక జారుడు, కాళ్లకి స్కీలు కట్టి అరగంట, ఆ అరగంటలో సగం ఫొటోలు.

ఈలోపు జనవరి వచ్చింది. ఆ నెల గుల్మార్గ్‌లో మంచే లేదు. గడ్డి ఎండిపోయి గోధుమరంగులో ఉన్న మైదానం ఫొటోలు పేపర్లో వచ్చాయి. కశ్మీరీలు చిల్లై కలాన్ అనే నలభై రోజుల గడ్డు చలికాలం డిసెంబర్ 21కి మొదలవుతుంది. మంచు బాగా పడాల్సిన రోజులవి. ఆ రోజుల్లోనే నేల పొడిగా ఉంది. తేదీలు మార్చమంటే ఏజెన్సీ కుదరదంది. చివరికి చేతికొచ్చింది 18,000. పోయిన 12,000 గురించి ఇప్పటికీ బాధగానే ఉంది. కానీ ఆ ప్యాకేజీలో వెళ్లి ఉంటే పిల్లకి స్కీయింగ్ అంటే ఏంటో తెలిసేది కాదు.

జనవరి ఆఖరికి మంచు మొదలైంది. ఫిబ్రవరికి మేమే ప్లాన్ చేసుకున్నాం. గుల్మార్గ్‌లో నాలుగు రాత్రులు, తిరుగు ప్రయాణంలో శ్రీనగర్‌లో ఒకటి. అంతే. పహల్గాం, సోనమార్గ్ వదిలేశాం. "అంత దూరం వెళ్లి అవి చూడకుండా వస్తారా" అని అత్తయ్య నొచ్చుకున్నారు. నేర్చుకోవడానికి వెళ్లేవాళ్లకి మాత్రం నా సలహా ఇదే. మొదటి రోజంతా నిలబడటానికే సరిపోతుంది. ఆగడం వచ్చేసరికి రెండో రోజు సాయంత్రం అవుతుంది. అసలు ఆనందం మూడో రోజు మొదలవుతుంది. ఒక్క రాత్రి ఉండేవాళ్లు ఆ మూడో రోజు దాకా వెళ్లనే వెళ్లరు.

తేదీల విషయంలో ఒక మాట. 2025లో కూడా మంచు చాలక గుల్మార్గ్‌లో ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌ని మార్చికి జరిపారు. ఆటల పోటీలకే దిక్కు లేనప్పుడు మన సెలవుల లెక్కకి మంచు పడుతుందని అనుకోకూడదు. టికెట్లయినా, హోటలైనా మార్చుకునే వీలున్నవే తీసుకోండి. రేటు కొంచెం ఎక్కువైనా సరే.

వెళ్లడానికి ఆరు వారాల ముందు నుంచి ఇంట్లో ముగ్గురం గోడకుర్చీ వేశాం. చిన్నప్పుడు బళ్లో పనిష్మెంటుగా వేయించిన గోడకుర్చీయే. స్కీయింగ్‌లో తొడ కండరాలు పనిచేసేది దాదాపు ఆ భంగిమలోనే. మొదట్లో 20 సెకన్లకే మా ఆయన కాళ్లు వణికేవి, చివరికి నిమిషంన్నర దాకా వచ్చారు. దానితో పాటు గుంజీలు, అపార్ట్‌మెంట్ మెట్లు దిగడం. ఎక్కడం కాదు, దిగడమే ముఖ్యం. గ్లవ్స్, థర్మల్స్ కొన్నాక లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర, లోపల మంచు ఉండే స్నోవరల్డ్‌కి తీసుకెళ్లి వేసి చూశాం. అమ్మాయి గ్లవ్స్ పది నిమిషాల్లో లోపలిదాకా తడిసిపోయాయి. వెంటనే నీరు దిగని రకం కొన్నాం. ఆ పరీక్ష ఇక్కడే అయిపోవడం చాలా మంచిదైంది.

ఢిల్లీలో ఫ్లైటు మారి శ్రీనగర్ చేరాం. అక్కడి నుంచి గుల్మార్గ్ సుమారు 50 కిలోమీటర్లు. తంగ్‌మార్గ్ దాకా మామూలు కారే వస్తుంది. పై 13 కిలోమీటర్లకి, మంచు ఉంటే, టైర్లకి గొలుసులు కట్టిన బండిలోకి మారాలి. ఆ ఖర్చు వేరు. ముందే అడగండి. ఇంకొకటి, మన ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. హోటల్ బుక్ చేసేముందు రూమ్ నుంచి కొండ కనిపిస్తుందా అని కాదు, హీటింగ్ రాత్రంతా ఉంటుందా, కరెంటు పోతే ఏం చేస్తారు అని అడగండి. మాకు దొరికిన చోట మంచం మీద కరెంటు దుప్పటి, గదిలో బుఖారీ (గది వెచ్చబెట్టే పొయ్యి) ఉన్నాయి. బాత్రూమ్ మాత్రం ఐస్‌లా ఉండేది.

ఇక బూట్లు. ఈ రివ్యూ రాస్తున్నది ముఖ్యంగా వీటి కోసమే. స్కీ బూటు సైజు మన చెప్పుల నంబరు కాదు, పాదం పొడవు సెంటీమీటర్లలో. ఇంట్లోనే మడమ గోడకి ఆనించి కాగితం మీద నిలబడి, బొటనవేలి దగ్గర గీత పెట్టి కొలుచుకోండి. నాది 24, అమ్మాయిది 22.5, మా ఆయనది 27.5. మేం బూట్లు అద్దెకి తీసుకున్న షాపులో పెద్దాయన మమ్మల్ని చూసి సైజు ఊహించేసి ఇచ్చెయ్యలేదు. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, నేను వేసుకెళ్లిన రెండు జతల మందం సాక్సులు విప్పించి, పలచటి జత ఒక్కటే ఉంచమన్నాడు. థర్మల్ ప్యాంటు అంచు బూటు లోపలికి పోకుండా పైకి మడిచాడు. ఆ మడత లోపల ఉండిపోతే గంటలో పిక్క ముందు ఎముక మీద కోసుకుపోతుందట. నిటారుగా నిలబడితే వేళ్లు బూటు ముందుభాగానికి తగలాలి, మోకాళ్లు వంచి ముందుకి వాలితే కాస్త వెనక్కి రావాలి, మడమ మాత్రం పైకి లేవకూడదు. 25 సైజు బూటు నాకు హాయిగా ఉంది, అదే ఇమ్మన్నాను. ఆయన ఇవ్వలేదు. వదులు బూటుతో కాలు తిప్పితే స్కీ తిరగదు, మోకాలు తిరుగుతుంది అన్నాడు. పదిహేనేళ్లుగా మోకాళ్లకి వైద్యం చేస్తున్న నాకు ఆ ఒక్క మాటతో ఆయన మీద పూర్తి నమ్మకం కుదిరింది. తర్వాత మా ముగ్గురి బరువు అడిగి, పడినప్పుడు స్కీ దానంతటదే ఊడిపోయేలా బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) స్క్రూలు సరిచేశాడు. బరువు అడగకుండా స్కీలు చేతికిచ్చే షాపులో మాత్రం తీసుకోకండి.

మాకు నేర్పించింది తంగ్‌మార్గ్ కుర్రాడు. ముగ్గురికీ కలిపి రోజుకి 3,000, సామానుకి తలా 1,000 ఇచ్చాం. మా ఆయన పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి. ఆయన నోటి వెంట వచ్చే హైదరాబాదీ 'నక్కో' (వద్దు), 'హౌ' (అవును) ఆ కుర్రాడికి భలే నచ్చాయి. రెండో రోజుకల్లా మా అమ్మాయి వాలు దిగుతుంటే పక్కనుంచి "డర్నా నక్కో!" (భయపడొద్దు) అని అరవడం మొదలుపెట్టాడు. నేర్పడంలో మాత్రం కఠినుడు. స్కీల ముందు కొనలు దగ్గరికి, వెనక కొనలు దూరంగా పెట్టి ఆగడం వచ్చేదాకా వాలు పైకి తీసుకెళ్లే లిఫ్ట్ ఎక్కనివ్వలేదు. పడబోతున్నప్పుడు చేతులు వెనక్కి పెట్టొద్దని, పక్కకి ఒరిగి కూర్చోమని కావాలనే పడేసి మరీ నేర్పాడు. చేతిలో కర్ర పట్టుకుని పడితే బొటనవేలి లిగమెంటు పోతుంది. అది నాకు తెలిసిన విషయమే. కానీ ఎవరూ చెప్పకుండా అతనే జాగ్రత్త చెప్పడం సంతోషం అనిపించింది. కనీసం వారమైనా శ్రద్ధగా నేర్చుకుందామనుకునేవాళ్లకి కేంద్ర పర్యాటక శాఖ కింద నడిచే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ అక్కడే ఉంది. వీలైతే దానికే వెళ్లండి.

కొండ పైకి గొండోలా, అంటే కేబుల్ కారు, ఉంది. ఫేజ్ వన్ మధ్యలో కొంగ్‌దూరి దాకా, ఫేజ్ టూ అఫర్వత్ కొండ భుజం మీద దాదాపు 4,000 మీటర్ల ఎత్తుకి. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. మేం వెళ్లిన రోజు గాలికి ఫేజ్ టూ ఆపేశారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి పైన పనేమీ లేదు కాబట్టి బాధపడలేదు. మేం తిరిగొచ్చిన కొద్ది రోజులకే అదే ఫిబ్రవరిలో అక్కడ మంచు చరియ విరిగిపడి ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు. గుర్తు పెట్టిన దారి దాటి వెళ్దామని ఎవరైనా అంటే గట్టిగా వద్దనండి. ఇన్సూరెన్స్ కాగితంలో మంచు క్రీడలకి వర్తిస్తుందో లేదో చదవండి. మేం మొదట తీసుకున్నదాంట్లో లేదు, మార్చుకున్నాం.

నచ్చనివీ ఉన్నాయి. బండి దిగగానే గుర్రాలవాళ్లు, చెక్కబండ్లవాళ్లు చుట్టుముడతారు. పొద్దున పూట ఒక్కసారి జవాబిచ్చామా, అరగంట పోతుంది. తిండి మీద పెద్ద ఆశలొద్దు. మేం కందిపొడి, నెయ్యి, చింతకాయ పచ్చడి తీసుకెళ్లాం. రాత్రి వేడన్నంలో అవే ప్రాణం నిలబెట్టాయి. మధ్యాహ్నం వాలు కింద కహ్వా (కశ్మీరీ టీ) తాగితే మాత్రం వేళ్ల చివర్ల దాకా వేడెక్కుతుంది.

నాలుగో రోజు సాయంత్రం బూట్లు తిరిగిచ్చినప్పుడు షాపు పెద్దాయన మా ముగ్గురి సైజులు నోటుబుక్కులో రాసుకున్నాడు. అమ్మాయి నంబరు పక్కన ఖాళీ వదిలాడు, పిల్లల కాలు ఆగదు కదా అని. ఈసారి మార్చికి అనుకుంటున్నాం. నిన్న రాత్రి కాగితం పరిచి మళ్లీ కొలిచాం. 24. ఇప్పుడు దానిదీ నాదీ ఒకటే సైజు.