గదా, డంబెలా?
గుంటూరు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలో బౌలింగ్ చేసే కుర్రాళ్లు భుజం బలానికి డంబెల్ కొనే ముందు, తాలింఖానాల్లో తిప్పే చెక్క గద ఒకసారి పట్టి చూడాలి. డంబెల్ బరువు గుప్పిట్లోనే ఉంటుంది, కండ పెంచడానికి అదే నయం, బరువు కొంచెం కొంచెంగా పెంచుకోవడమూ తేలికే, కాదనను. గదకి బరువంతా చివర్న కాబట్టి, కిలోదైనా సరే తల వెనక నుంచి తిప్పేసరికి చేతిని లాగేస్తుంది, ఆ లాగుడుని ఆపి మళ్లీ తిప్పడంలోనే భుజం కీలుని పట్టి ఉంచే నాలుగు చిన్న కండరాలకి అసలు పని. బంతి వదిలాక చేతి వేగాన్ని అదుపు చేసేదీ వాటిలో వెనకవైపువే. (1904, 1932 ఒలింపిక్స్‌లో ఇలాంటి గదలు తిప్పడం ఓ పోటీ కూడా!) గద తిప్పితే భుజానికి ఇక గాయాలే కావని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇప్పటికే నొప్పుంటే రెండూ వద్దు, ముందు ఫిజియోకి చూపించుకోండి. ఇంకోటి, ఇంట్లో ఫ్యాన్ కింద మాత్రం తిప్పకండి.