లోలా ఎఫ్3000, జీపీ2, ఇప్పటి ఎఫ్2: డ్రైవర్ సత్తా తేల్చడంలో ఏది మేలు?

ఎఫ్1కి ఒక్క మెట్టు కింద అందరికీ ఒకే కారు ఇవ్వడం 1996లో మొదలైంది. ఖర్చు అదుపు తప్పడంతో ఫార్ములా 3000 (ఎఫ్3000)లో లోలా టీ96/50 చాసిస్ (కారు ప్రధాన నిర్మాణం), జైటెక్ 3.0 లీటర్ల వీ8 ఇంజిన్, ఏవన్ టైర్లు తప్పనిసరి చేశారు. 1999లో, 2002లో మోడల్ మారినా 2004 దాకా లోలాయే.

కారు ఒకటే అయినా జట్లు సమానం కాలేదు. డ్యాంపర్లు (కుదుపులను అదుపు చేసేవి), రైడ్ హైట్ (నేల నుంచి కారు ఎత్తు), టైర్ ప్రెషర్ సరిగ్గా కుదిర్చే ఇంజినీర్లు ఉన్నవాళ్లదే పైచేయి. 1999 ఛాంపియన్ హైడ్‌ఫెల్డ్ వెనక ఎఫ్1 జట్టు మెక్‌లారెన్ అండ ఉంది. పైగా వారాంతానికి ఒకే రేసు, ఓవర్‌టేకింగ్ కష్టం. ముందు కారు చెదరగొట్టిన గాలిలో ఫ్రంట్ వింగ్ పట్టు తగ్గి, మలుపులో కారు బయటికి జారుతుంది. స్టార్ట్ వరుసను తేల్చే క్వాలిఫయింగ్‌లో వెనకబడితే రేసులో చేయగలిగింది తక్కువే.

2005లో ఎఫ్3000 స్థానంలో వచ్చిన జీపీ2 సరిగ్గా ఇక్కడే మెరుగు. దాని డల్లారా కారుకు డౌన్‌ఫోర్స్‌లో (కారును నేలకు అదిమే గాలి ఒత్తిడి) పెద్ద వాటా అడుగు భాగం నుంచి వచ్చేది, అందుకే ఎదుటి కారును దగ్గరగా వెంటాడొచ్చు. ఇంజిన్ 4.0 లీటర్ల వీ8, సుమారు 600 హార్స్‌పవర్. గాడుల టైర్ల స్థానంలో 2006 నుంచి స్లిక్స్ (గాడులు లేని నున్నటి టైర్లు) వచ్చాయి. వారాంతానికి రెండు రేసులు. ప్రధానమైన ఫీచర్ రేసులో పిట్ స్టాప్ తప్పనిసరి. రెండోదైన చిన్న రేసు స్ప్రింట్‌లో, ఫీచర్ రేసులో మొదటి ఎనిమిది స్థానాల్లో నిలిచినవారు తలకిందుల వరుసలో నిలబడేవారు. 2006 ఇస్తాంబుల్‌లో, తర్వాత ఎఫ్1 ఛాంపియన్ అయిన హామిల్టన్ స్పిన్ అయి వెనక్కి పోయి కూడా రెండో స్థానానికి దూసుకొచ్చాడు, కారు ఏం చేయనిచ్చేదో చూడాలంటే ఆ రేసు చాలు. భారత డ్రైవర్ కరుణ్ చందోక్ రెండు విజయాలూ (స్పా 2007, హాకెన్‌హైమ్ 2008) స్ప్రింట్‌లోవే. ఎనిమిదో స్థానానికి పోల్ (అందరికంటే ముందు నిలబడే చోటు) దక్కే పద్ధతి గనక స్ప్రింట్ గెలుపును ఫీచర్ గెలుపుతో సమానంగా తూచకూడదు.

2011లో పిరెల్లీ టైర్లు వచ్చాక లెక్క మారింది. టైరు జారితే పైపొర వేడెక్కి పట్టు పోతుంది. అందుకే ప్రతి ల్యాప్ పూర్తి వేగంతో నడపలేరు. 2017లో జీపీ2 పేరు ఎఫ్2 అయింది. 2018 కారుకు హాలో (డ్రైవర్ తలను కాపాడే చట్రం), 3.4 లీటర్ల టర్బో వీ6 (620 హార్స్‌పవర్) పెట్టారు. క్లచ్ సమస్యతో గ్రిడ్ (స్టార్ట్ వరుస) మీదే కార్లు ఆగిపోతుంటే ఆస్ట్రియా, సిల్వర్‌స్టోన్‌లలో రోలింగ్ స్టార్ట్ (కార్లు కదులుతుండగానే రేసు మొదలు) ఇవ్వాల్సి వచ్చింది. క్లచ్ వల్ల స్టార్ట్‌లోనే రేసు పోగొట్టుకున్న డ్రైవర్‌ను పాయింట్లతో కొలవడం అన్యాయం.

ఎఫ్1కి కావాల్సినట్టు టైర్లను కాపాడుకుంటూ నడపడం నేర్పడంలో ఎఫ్2దే పైచేయి. వేగం, ఓవర్‌టేకింగ్ రెండూ తేల్చడానికి మాత్రం 2006-2010 జీపీ2నే ఎంచుకుంటాం.